ట్రినిడాడ్ రిజిస్టర్లలో మనవాళ్ళు

ఏడాదికొకసారి మనమందరం వెళ్ళి బతికే ఉన్నామని రాసిచ్చి వస్తాం. మనిషి ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టినా చాలదు, కాగితం కావాలి. ఇందులో నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి, ఎంతమందిని కాగితం కోసం తిప్పి పంపానో నాకే లెక్క తెలియదు. ఆ పాపం ఊరికే పోలేదు. నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో మా నాన్నగారి పేరులో ఒక అక్షరం జారిపోయిన కారణంగా నా పింఛను కాగితాలు ఎనిమిది నెలలు బల్లల మీద తిరిగాయి.

ఆ సంగతి ఇప్పుడెందుకంటే, రెండేళ్ళ క్రితం మా పెద్దమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. మనలాగే రిటైరైన మనిషి. ముఖం చూస్తే మన పక్కవాడే అనిపిస్తుంది, నోరు విప్పితే ఒక్క తెలుగు ముక్క రాదు. పుట్టింది వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ ద్వీపంలో. నేను ఆంధ్ర నుంచి వచ్చానని తెలియగానే ఇంట్లోకి వెళ్ళి ఒక కాగితం నకలు తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్ళ తాతగారు మద్రాసులో ఓడ ఎక్కినప్పుడు ఇచ్చిన ఎమిగ్రేషన్ పాసు అది. జిల్లా అన్న చోట విజగపటం అని ఉంది. ఊరు అన్న చోట కొటపొల్లం అనో కొత్తపొల్లియం అనో చదవడానికి వీలైన అక్షరాలు ఉన్నాయి. "ఈ ఊరు ఎక్కడుందో చెప్పగలరా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆ కాగితం వెనుక ఉన్న చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినది మన ప్రత్యేక సంచికలో నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834 ఆగస్టు 1న రద్దయింది. అప్రెంటిస్‌షిప్ పేరుతో మరో నాలుగేళ్ళు సాగిన వెట్టి కూడా 1838లో పోయింది. ఆఫ్రికా నుంచి తెచ్చిన ప్రజలు చెరకు తోటలు వదిలి సొంత గుడిసెలు, సొంత మళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. తోటల యజమానులకు తక్కువ కూలికి చేసేవాళ్ళు కావలసివచ్చారు. వాళ్ళ చూపు మన దేశం మీద పడింది. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి 225 మందిని తీసుకుని ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. అది మొదలు 1917 దాకా సుమారు 1 లక్షా 44 వేల మంది ఆ ద్వీపంలో దిగారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవాళ్ళు. మద్రాసు ఓడలు తొలి రోజుల్లో కొన్ని, మళ్ళీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొన్ని వెళ్ళాయి. వాటిలో తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడివాళ్ళకు ఆ తేడా తెలియదు, అందరూ మద్రాసీలే.

చట్టరీత్యా వీళ్ళు విదేశీయులు కారు. ఇక్కడా బ్రిటిష్ ఏలుబడే, అక్కడా బ్రిటిష్ ఏలుబడే. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోయినట్లే లెక్క. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. అయినా విదేశీయులకు సైతం లేనన్ని నిబంధనలు వీళ్ళ మీద ఉండేవి. ఎక్కడ ఉండాలి, ఎన్నాళ్ళు ఉండాలి, ఎవరి అనుమతితో గేటు దాటాలి అన్నదంతా ఇమ్మిగ్రేషన్ ఆర్డినెన్సులలో రాసి ఉండేది.

మొదటి ప్రయత్నం 1846లో జరిగింది. ఆ ఏడు గవర్నరుగా వచ్చిన లార్డ్ హారిస్, ఇండియా సైన్యంలో పనిచేసి వచ్చిన మేజర్ ఫాగన్ సహాయంతో ఒక నిబంధనావళి తయారుచేశాడు. యజమాని సంతకం చేసిన సెలవు చీటీ లేకుండా కూలీ తోట దాటకూడదన్నది అందులో ఒక నియమం. లండన్‌లో బానిసత్వ వ్యతిరేక సంఘంవారు ఇది పాత బానిసత్వమేనని గోల పెట్టడంతో వలస మంత్రి దాన్ని తోసిపుచ్చాడు. బాగానే ఉంది. కానీ దాని బదులు వచ్చిన పద్ధతిలో కూలీని కట్టేసే నియమంతో పాటు కూలీని చూసుకునే బాధ్యత కూడా పోయింది. 1847, 1848 సంవత్సరాలలో చక్కెర ధరలు పడిపోగానే పని లేనివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు రోడ్ల వెంట తిరిగి, చెరకు తోటల్లోనూ అడవుల్లోనూ పడి చనిపోయారు. ఎవరు చనిపోయారో చెప్పడానికి సరైన జాబితా కూడా లేకపోయింది. డబ్బు లేక వలస కూడా 1848లో ఆగి, మళ్ళీ 1851లో మొదలైంది.

ఆ తర్వాత స్థిరపడిన పద్ధతి మన సర్వీసు రూల్సు తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఓడ దిగగానే ఐదేళ్ళ ఒప్పందం. ఏడాదికి 280 పని దినాలు, రోజుకు తొమ్మిది గంటలు. రోజు కూలి 25 సెంట్లు. ఐదేళ్ళు పూర్తయితే ఫ్రీ పేపర్ వస్తుంది. దీన్ని అధికార భాషలో సర్టిఫికెట్ ఆఫ్ ఎగ్జెంప్షన్ ఫ్రమ్ లేబర్ అనేవారు. మొత్తం పదేళ్ళు ద్వీపంలో కూలి చేస్తూ ఉంటేనే ఉచితంగా ఇండియాకు తిరుగు ఓడ. ఈ పదేళ్ళ కాలానికి ఇండస్ట్రియల్ రెసిడెన్స్ అని పేరు. అంటే ఊరికే నివసిస్తే నివాసం కాదు, పనిచేస్తూ నివసిస్తేనే నివాసం.

ఇక హాజరు పట్టీ మహిమ వినండి. పనికి రాని రోజులు, జైల్లో గడిపిన రోజులు ఒప్పంద కాలం చివర కలిసేవి. మన భాషలో చెప్పాలంటే అన్నీ డైస్ నాన్. మనకు డైస్ నాన్ అయితే ఇంక్రిమెంటు వెనక్కి పోయేది, వాళ్ళకు స్వేచ్ఛ వెనక్కి పోయేది. పైగా పనికి రాకపోవడం మనకు శాఖాపరమైన విషయం, అక్కడ అది క్రిమినల్ నేరం. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జరిమానా వేసేవారు, లేదా జైలుకు పంపేవారు.

కాగితం ప్రయాణం మన ఊళ్ళోనే మొదలయ్యేది. 1883 నాటి ఇండియా ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, రిక్రూటర్ తెచ్చిన మనిషిని రిజిస్టరింగ్ అధికారి ఎదుట నిలబెట్టి, ఇష్టపూర్వకంగానే వెళుతున్నాడా అని అడిగి నమోదు చేయాలి. తర్వాత రేవులో డిపో. అక్కడ పాసు రాస్తారు. దాని మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, దగ్గరి బంధువు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, ఓడ పేరు ఉండేవి. గమనించారా, ఇంటిపేరుకు గడి లేదు! కలకత్తాలో తయారైన నమూనా మనవాళ్ళకు సరిపోలేదు. మన మనిషి ఇంటిపేరు ముందు పెట్టి చెప్తే గుమాస్తా దాన్ని ఏ గడిలో రాశాడో, అసలు రాశాడో లేదో. అక్కడ రాసుకున్న ఒక్క పేరే అతని పిల్లలకు ఇంటిపేరైపోయింది. నేను చూసిన పాసులో కూడా ఇంటిపేరు లేదు. ఆ పెద్దాయన ఇంటిపేరుగా వాడుకుంటున్నది వాళ్ళ తాతగారి పేరే.

ద్వీపం చేరాక, 1866 నుంచి అయితే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు దగ్గరి నెల్సన్ దీవిలో దించేవారు. అక్కడ డాక్టరు పరీక్ష, విశ్రాంతి, మళ్ళీ నమోదు. జనరల్ రిజిస్టరులో ఒక నంబరు పడేది. తోటలో మేనేజరు దగ్గర ఇంకో రిజిస్టరు. వీటన్నిటి మీద ప్రొటెక్టర్ ఆఫ్ ఇమ్మిగ్రెంట్స్ అనే అధికారి, అంటే వలసదారుల రక్షకుడు, ఉండేవాడు. రక్షణ ఎంత జరిగిందో గానీ రిజిస్టర్లు మాత్రం చక్కగా నడిపారు. వృత్తి ధర్మం కొద్దీ ఆ మాట చెప్పక తప్పదు.

తోట దాటి రోడ్డెక్కితే చీటీ చూపించాలి. ఒప్పందంలో ఉన్నవాడైతే మేనేజరు ఇచ్చిన పాసు, ఒప్పందం తీరినవాడైతే ఫ్రీ పేపర్. పోలీసు వారెంటు లేకుండానే ఆపి అడగవచ్చు. చూపలేకపోతే పారిపోయిన కూలీ అని అనుమానం. ఎక్కువ బాధపడ్డది స్వేచ్ఛ వచ్చినవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా సొంత కొట్టు నడుపుతున్నవాడూ, అక్కడే పుట్టి ఏనాడూ ఒప్పందం ముఖం చూడనివాడూ ముఖం చూడగానే కూలీగా లెక్కలోకి వచ్చేవారు. 1897లో ప్రిన్సెస్ టౌన్‌లో ఈస్ట్ ఇండియన్ నేషనల్ అసోసియేషన్ ఏర్పడింది. దాని ప్రధాన ఫిర్యాదులలో ఈ ఫ్రీ పేపర్ ఒకటి. అయినా 1899 ఆర్డినెన్సులోనూ పాసుల పద్ధతి అలాగే కొనసాగింది.

ఈ నియమం ఎంతదూరం పోయిందో 1884లో తేలింది. మన దగ్గర పీర్ల పండుగ ఉన్నట్లే అక్కడ హొసే ఉంటుంది. ముస్లింలతో పాటు హిందువులు, ఆఫ్రికా సంతతివాళ్ళు కూడా తాజియాలు మోసేవారు. ఆ ఏడు జూలైలో ప్రభుత్వం ఊరేగింపులు పట్టణాలలోకి రాకూడదని నిబంధన తెచ్చింది. భారతీయులు అర్జీ పెట్టుకున్నా లాభం లేకపోయింది. అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణం వైపు వస్తున్న ఊరేగింపుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 16 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు.

తిరిగి వచ్చేయవచ్చు కదా అని కొందరు అడగవచ్చు. వచ్చినవాళ్ళు ఉన్నారు, సుమారు నాలుగైదింట ఒక వంతు. మిగిలినవాళ్ళను అక్కడ నిలబెట్టడానికి ప్రభుత్వం 1869లో ఒక పథకం పెట్టింది. తిరుగు ప్రయాణపు హక్కు వదులుకుంటే పది ఎకరాల ప్రభుత్వ భూమి. తర్వాత అది ఐదు ఎకరాలూ ఐదు పౌన్లూ అయింది, 1880 నాటికి భూమి పోయింది. 1890లలో తిరుగు చార్జీలో కూడా కొంత భాగం వాళ్ళే పెట్టుకోవాలన్నారు. వచ్చేటప్పుడు ఉచితం, పోయేటప్పుడు టిక్కెట్టు.

సబ్ రిజిస్ట్రారుగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది పెళ్ళిళ్ళ సంగతి. నూరుగురు మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళ చొప్పున ఓడ ఎక్కించాలని నియమం ఉండేది కనుక సంసారాలు తక్కువ, చిక్కులు ఎక్కువ. ఉన్న సంసారాలు పురోహితుడో కాజీయో చేసిన పెళ్ళిళ్ళు. వాటిని ద్వీపపు చట్టం గుర్తించలేదు. 1881లో వలసదారుల పెళ్ళిళ్ళు నమోదు చేసుకోవడానికి ఆర్డినెన్సు వచ్చింది గానీ, పెళ్ళి పందిట్లో జరిగింది కదా, ఆఫీసులో మళ్ళీ ఏమిటని జనం వెళ్ళలేదు. ఫలితంగా పుట్టిన పిల్లలు రికార్డులో అక్రమ సంతానం. తండ్రి వీలునామా రాయకుండా పోతే చెమటోడ్చి సంపాదించిన ఆ ఐదెకరాల కోసం భార్యాబిడ్డలు తమకు ఏమవుతారో నిరూపించుకోవలసి వచ్చేది. ముస్లిం వివాహాలకు 1930ల నడుమ, హిందూ వివాహాలకు 1945లో గానీ సొంత చట్టాలు రాలేదు. అంటే మొదటి ఓడ వచ్చిన సరిగ్గా నూరేళ్ళకు! మన ఆఫీసు వరండాలో వారసత్వ సర్టిఫికెట్టు కోసం కూర్చున్న ఆడవాళ్ళను చూసినవారికి ఆ నూరేళ్ళు ఎలాంటివో చెప్పక్కర్లేదు.

ఒప్పంద కూలి పద్ధతి మీద మన దేశంలో గోఖలే 1912లో శాసన మండలిలో తీర్మానం పెట్టారు. 1916లో మాలవీయ మళ్ళీ లేవనెత్తారు. 1917 మార్చిలో ఓడలు ఆగాయి. ఆఖరి ఓడ గంగ 1917 ఏప్రిల్‌లో ట్రినిడాడ్ చేరింది. మిగిలి ఉన్న ఒప్పందాలు 1920తో తీరిపోయాయి. ట్రినిడాడ్ టొబాగో 1962 ఆగస్టు 31న స్వతంత్రమైంది. మొదటి ఓడకు 150 ఏళ్ళు నిండిన 1995లోనే వాసుదేవ్ పాండే ప్రధానమంత్రి అయ్యారు. ఇప్పుడు మే 30 అక్కడ ప్రభుత్వ సెలవు దినం.

రిజిస్టర్లు ఏమయ్యాయి? పారేయలేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ట్రినిడాడ్, గయానా, సురినామ్, ఫిజీ దేశాల ఒప్పంద కూలీల రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. ఎవరూ పారిపోకుండా రాసి పెట్టిన పుస్తకాలు ఇప్పుడు మనవళ్ళకు ఊరి పేరు చెప్పే ఏకైక ఆధారం. కమలా పర్సాద్ బిసేసర్ ప్రధానిగా 2012లో బీహార్‌లోని భేలుపూర్ వెళ్ళి ముత్తాతగారి ఊరు చూసి వచ్చారు. ఆవిడే 2025లో మళ్ళీ ప్రధాని అయ్యారు. ఆ జూలైలో మన ప్రధాని అక్కడికి వెళ్ళినప్పుడు, ట్రినిడాడ్‌లోని భారత సంతతివారిలో ఆరో తరం దాకా ఓ.సి.ఐ. కార్డు ఇస్తామని ప్రకటించారు. అంతకుముందు నాలుగో తరంతో ఆగిపోయేది. కార్డు కావాలంటే పూర్వీకుడు ఇక్కడివాడని రుజువు కావాలి. మళ్ళీ అదే పాసు, అదే నంబరు.

ఇంకొక ముచ్చట చెప్పి నా పని చూసుకుంటాను. ట్రినిడాడ్‌కు వెనిజులా తీరం, దగ్గరి చోట, 11 కిలోమీటర్లే. అక్కడ ఆర్థిక పరిస్థితి కుప్పకూలి పడవల్లో జనం రావడం మొదలయ్యాక, 2019 మే 31 నుంచి జూన్ 14 దాకా, రెండే వారాలు, ట్రినిడాడ్ ప్రభుత్వం వెనిజులావాళ్ళందరూ వచ్చి పేరు నమోదు చేసుకోవాలని పిలిచింది. చేసుకుంటే ఏడాది పాటు పని చేసుకోవచ్చు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కేంద్రం ఎక్కడ పెట్టారంటే, మన క్రికెట్ అభిమానులకు తెలిసిన క్వీన్స్ పార్క్ ఓవల్‌లో. గవాస్కర్ 1971లో తొలి టెస్టు ఆడిన మైదానం. దాని గేటు ముందు పిల్లల్ని చంకనేసుకుని బారులు తీరారు. 16,523 మంది నమోదయ్యారు. ద్వీపంలో ఉన్నవాళ్ళు 40 వేలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ అంచనా. అంటే సగానికి పైగా ఆ పుస్తకంలోకి రాలేదు. జూన్ 17 నుంచి వెనిజులావాళ్ళకు వీసా తప్పనిసరి చేశారు. ఆ కార్డుల గడువు తర్వాత విడతలు విడతలుగా పొడిగించారు. పని చేసుకునే హక్కు ఇచ్చారు గానీ, పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో అధికారికంగా చేర్చుకోవడం 2024లో గానీ మొదలు కాలేదు, అదీ కొద్దిమందినే.

ఆ రెండు వారాలూ కౌంటరు వెనుక కూర్చుని పేర్లు రాసుకున్నవారిలో, తాతల పేర్లు నెల్సన్ దీవిలో రాయించుకున్న కుటుంబాలవాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఆ కుర్చీలో ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నాను. కాకపోతే ఎదుటి మనిషి చెప్పిన పేరు ఇంకొకసారి అడిగి, అక్షరం అక్షరం రాశారా లేదా అన్నది తెలుసుకోవాలని ఉంది.

ఇక నా విన్నపం. విజగపటం జిల్లా అంటే ఆ రోజుల్లో ఇప్పటి విశాఖ, విజయనగరం, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు. కొటపొల్లం అంటే కొత్తపాలెమా, కోటపాలెమా, కొత్తవలసను ఎవరైనా తప్పు రాశారా నాకు తేలలేదు. తాలూకా గడిలో సిరా చెదిరిపోయింది, మొదటి అక్షరం మాత్రం గ లాగానో, చ లాగానో కనిపిస్తుంది. దగ్గరి బంధువు గడిలో అన్న పేరు అప్పన్న అని స్పష్టంగా ఉంది. మన సంఘంలో ఆ వైపు కరణాలుగా, రెవిన్యూ ఇన్‌స్పెక్టర్లుగా, సర్వేయర్లుగా చేసినవారు చాలామంది ఉన్నారు. పాత తాలూకాల్లో పాలెం అని ముగిసే ఊళ్ళ పేర్లు మీకు కంఠతా వచ్చు. కాగితం నకలు సంఘం కార్యాలయంలో ఉంచాను. పెద్దాయనకు డెబ్బై ఆరేళ్ళు. చూసి, మీకు తోచిన ఊళ్ళ పేర్లు ఒక చీటీ మీద రాసి కార్యదర్శి గారికి ఇవ్వండి.